తోటలో మొక్కలు, మలేరియా దోమలు: దార్ ఎస్ సలామ్‌లో ఏటా వినే అపోహలు

టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో ఇళ్లకు తోటలు వేసి చూసుకునే పని నాది. మార్చిలో పెద్ద వానలు మొదలయ్యాయంటే, కొత్తగా వచ్చిన మన తెలుగువాళ్ల నుంచి రెండు రకాల ఫోన్లు వస్తాయి. "మలేరియా అంటున్నారు, మొక్కలన్నీ పీకించేయండి" అని కొందరు. "దోమల్ని తరిమే మొక్కలుంటాయట కదా, బాల్కనీలో నాలుగు పెట్టండి, దోమతెరలో పిల్లాడికి ఉక్కపోస్తోంది" అని ఇంకొందరు. మొదటిదాంతో పోయేది తోట. రెండోదాంతో ప్రాణం మీదికొస్తుంది.

అపోహ: ఆ మొక్కలుంటే దోమతెర అక్కర్లేదు.

ఈ మాట వెనక కొంత నిజం ఉంది, అందుకే జనం గట్టిగా నమ్ముతారు. ఇక్కడి పేటల్లో గుమ్మం దగ్గర లాంటానా, నిమ్మగడ్డి పెంచడం మామూలే. ఇంటి చుట్టూ లాంటానా నాటితే లోపలికొచ్చే దోమలు తగ్గాయని టాంజానియాలోనే చేసిన ఒక అధ్యయనం 2011లో చెప్పింది. తగ్గాయి, ఆగిపోలేదు. అదీ ఇంటి చుట్టూ నాటితే. బాల్కనీలో ఒక కుండీ పెట్టి పిల్లల్ని తెర లేకుండా పడుకోబెట్టమని ఎవరూ చెప్పలేదు. వాట్సాప్‌లో తిరిగే ఫొటోలు ఈ ముక్క చెప్పవు. మలేరియా దోమ కుట్టేది రాత్రిపూట, మనం నిద్రలో ఉన్నప్పుడు. తెర కట్టాల్సిందే.

అపోహ: మొక్కలుంటే మలేరియా వస్తుంది.

ఈ ఊళ్లోనే మికొచెని పేటలో ఒక తెలుగింటి నుంచి ఫోన్. "అన్నయ్యా, ఆ క్రోటన్లు, కాగితం పూల తీగ అన్నీ కొట్టించేయండి, పాపకింకా రెండేళ్లు కూడా నిండలేదు" అంది ఆవిడ. ఊరు కాని ఊరు, చంటిపిల్ల. ఆ టెన్షన్ నాకర్థమవుతుంది. కత్తెర పట్టుకునే ముందు ఇల్లంతా ఒకసారి చూద్దామన్నాను. వరండాలో అరెకా పామ్ కుండీ కింద పళ్లెం నిండా నీళ్లు. అందులో పురుగులు తల కిందికి పెట్టి వేలాడుతున్నాయి. కుండీ పళ్లేల్లో పెరిగేవి ఎక్కువగా డెంగీ దోమలు, అవి పగలు కుడతాయి. 2019లో ఈ ఊరిని డెంగీ బాగా ఇబ్బంది పెట్టింది. తర్వాత గేటు బయటికి వెళ్లాం. లారీ టైరు దిగబడిన గుంతలో, ఎండ పడే చోట నీళ్లు నిలిచాయి. వంగి చూస్తే ఇక్కడి పురుగులు వేలాడట్లేదు, నీటి పైపొరకు ఆనుకుని పడుకుని ఉన్నాయి. మలేరియా దోమ పిల్లలు అలాగే ఉంటాయి. ఆ గుంత మొరంతో పూడ్పించాం, పళ్లేలు తీసేశాం. కాగితం పూల తీగ జోలికి వెళ్లలేదు.

వారానికోసారి పళ్లేలు ఒంపేయండి. ట్యాంకుకు మూత కూడా సరిగా పెట్టండి. మన ఊళ్లలో ట్యాంకుల్లో పెరిగే మలేరియా దోమ 2012లో జిబౌటీలో కనబడింది, తర్వాత ఇథియోపియా, కెన్యా దాకా వచ్చింది.

అపోహ: జ్వరమొస్తే వేపాకు కషాయం చాలు.

వేపను ఇక్కడ మ్వారొబైని అంటారు, నీడకు వీధివీధినా పెంచుతారు. ఆకులు మరిగించి తాగడం ఇక్కడా ఉంది, అది చూసి మనవాళ్లకు ఇంకా ధైర్యం. దయచేసి ఈ ఒక్క విషయంలో నా మాట వినండి. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించండి. వేలిమీద సూదితో గుచ్చి ఒక చుక్క తీస్తారు, కాసేపట్లో ఫలితం చెప్తారు. ఇక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా రకం. కొత్తగా వచ్చినవాళ్లకు అది ఒకట్రెండు రోజుల్లోనే ముదిరిపోవచ్చు. కషాయం తాగుతూ "రేపు చూద్దాం" అనుకునే ఆ ఒక్క రోజే ప్రమాదం. ఇండియాకు వెళ్లాక జ్వరమొచ్చినా, టాంజానియా నుంచి వచ్చామని డాక్టరుకు ముందే చెప్పండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఇక్కడి పూలన్నీ ఆఫ్రికావే అనుకోకండి. కాగితం పూలు, దేవగన్నేరు, జకరండా అమెరికా ఖండం నుంచి వచ్చాయి. మన తురాయి, బిళ్ళగన్నేరు మాత్రం పక్కనున్న మడగాస్కర్‌వి. హైదరాబాద్ నర్సరీల్లో ఫారిన్ మొక్కని కొనే జెడ్‌జెడ్ ప్లాంట్ ఈ తూర్పు ఆఫ్రికాదే. ముట్టుకుంటే క్యాన్సర్ వస్తుందన్నది శుద్ధ అబద్ధం. నమిలితే నోరు మండుతుంది, పిల్లలకు అందకుండా పెట్టండి.

కాడజెముడు కంచె ముళ్లు లేవు కదా అని చేత్తో విరవకండి. పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. పడితే వెంటనే నీళ్లతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి వెళ్లండి.

ఇక డ్రసీనా. "ఇది షో మొక్కే కదా, తీసేయ్" అంటారు. కిలిమంజారో వైపు చగ్గా తెగవాళ్లు దాన్ని "మసాలే" అంటారు: పొలం గట్టున హద్దుగా నాటుతారు, తగువు పడ్డవాళ్లు క్షమించమని అడిగేటప్పుడు దాని ఆకు పట్టుకెళ్తారు. అద్దె ఇంట్లో గోడవార డ్రసీనా వరస కనబడితే, పీకించే ముందు ఓనరును ఒక్కమాట అడగండి. అది హద్దు కావచ్చు.