ఫ్లోరియానా పిట్టను కాచిన రెండు చిట్టి దీవులు

డార్విన్ అనగానే ఫించ్ పిట్టలు గుర్తొస్తాయి. పసిఫిక్ సముద్రంలోని గలాపగోస్ దీవుల్లో, జాతులు మారతాయేమోనని ఆయనకు ముందుగా అనుమానం రేపినవి మాత్రం మాకింగ్‌బర్డ్‌లనే పిట్టలు. 1835 సెప్టెంబరులో శాన్ క్రిస్టోబల్‌లో ఒక రకం, కొద్దిరోజులకే ఫ్లోరియానాలో ఇంకో రకం కనిపించాయి. ఏది ఏ దీవిదో విడిగా రాసిపెట్టుకున్నారు. ఫించ్‌లకు ఆ జాగ్రత్త తీసుకోలేదు. (పేరుకు మాకింగ్‌బర్డే, అంటే అనుకరించే పిట్టే గానీ, ఈ దీవుల్లోవి వేరే పిట్టల కూతలను అనుకరించవు.)

ఆ ఫ్లోరియానా పిట్ట ఇప్పుడు ఫ్లోరియానాలో లేదు. 1832లో ఈక్వెడార్ అక్కడ జనాన్ని దింపింది. ఎలుకలు, పిల్లులు, మేకలు, గాడిదలు చేరాయి. పిట్ట గూడు కట్టేది ఎక్కువగా నాగజెముడు చెట్లలో. చెట్లను మేకలు, గాడిదలు మేశాయి. గుడ్లు, పిల్లలు ఎలుకలు, పిల్లుల పాలయ్యాయి. 1880ల తర్వాత పెద్ద దీవిలో అది కనబడలేదు. ఎలుకలు చేరని రెండు చిట్టి దీవుల్లో మాత్రం మిగిలింది: సుమారు 24 ఎకరాల ఛాంపియన్‌లో కొన్ని పదులు, 200 ఎకరాల గార్డ్‌నర్‌లో కొన్ని వందలు. వానలు మొహం చాటేసిన ఏడాది ఛాంపియన్‌లో సంఖ్య ఇట్టే పడిపోతుంది.

దాని దాయాది, గలాపగోస్‌లోనే ఎస్పన్యోలా దీవిలో ఉండే మాకింగ్‌బర్డ్ తీరే వేరు. పొడవాటి వంపు ముక్కుతో సముద్ర పక్షుల గుడ్లు పొడుస్తుంది, సీ లయన్ల గాయాల మీద వాలి రక్తం తాగుతుంది. మంచినీళ్లు లేని దీవి కాబట్టి యాత్రికుల నీళ్ల సీసా కనిపిస్తే మీదికే వస్తుంది. అయితే దాన్ని కాపాడింది ఈ గడుసుదనం కాదు. అక్కడ ఎలుకలు, పిల్లులు స్థిరపడలేదు; చెట్లను తినేసిన మేకలను 1978 నాటికి పూర్తిగా తొలగించారు. ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ రెడ్ లిస్టులో ఇది ‘హాని పొంచి ఉన్న’ జాతి. ఫ్లోరియానాది ముప్పులో అంతకంటే ఒక మెట్టు ఎక్కువ, ‘అంతరించే ముప్పున్న’ జాతి.

సొంత దీవికి తిరిగి తేవాలంటే ఏ పిట్టల్ని తేవాలి? డార్విన్, ఆయన ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ అప్పట్లో సేకరించిన నమూనాల డీఎన్‌ఏను శాస్త్రవేత్తలు ఇప్పటి పిట్టల డీఎన్‌ఏతో పోల్చి చూశారు. పాత జన్యు వైవిధ్యంలో ఒక్కో చిట్టి దీవి ఒక్కో వాటాను దాచింది. సంఖ్య ఎక్కువని గార్డ్‌నర్ పిట్టల్నే తెస్తే ఛాంపియన్ వాటా పోతుంది. అందుకే రెండూ కావాలి.

ముందు ఎలుకల పని పట్టాలి. 2023 చివర్లో ఫ్లోరియానా మీద హెలికాప్టర్లతో విషపు ఎర చల్లారు. ఎర తినే ప్రమాదమున్న ఫించ్‌లను, గుడ్లగూబలను ముందే పట్టి పంజరాల్లో ఉంచారు. చూలు ఎలుక ఒక్కటి మిగిలినా కథ మొదటికొస్తుంది. ఈ ఎర ఏమీ చేయలేని శత్రువు ఇంకొకటుంది: గూళ్లలో గుడ్లు పెట్టే ఫిలోర్నిస్ ఈగ. దాని పురుగులు పిల్లల రక్తం పీల్చి గూట్లోనే చంపేస్తాయి.