బస్సు పొగ, కారు లెక్క: గ్యారేజీ నుంచి కొన్ని అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో బస్సుల గ్యారేజీలో ఇంజిన్ల పని మొదలుపెట్టి నాకు ఇరవై రెండేళ్లు. మా గ్యారేజీ గోడకు ఒక నల్లబల్ల ఉంది. ఏ బస్సు లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందో రోజూ దాని మీద రాస్తాం. ఆ అంకెను కేఎంపీఎల్ అంటాం. అది ఐదు దాటితే సంతోషం. నాలుగున్నరకు దిగిందంటే ఆ బస్సు కిందకు దూరి చూడాల్సిందే: టైర్లలో గాలి తగ్గిందా, బ్రేకు పట్టేస్తోందా, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కారుతోందా అని.

ఈ సంగతి తెలిసిన మా బావమరిది దసరాకు వచ్చినప్పుడు అడిగాడు: "బావా, నా కారు లీటరుకు పదహారు ఇస్తుంది, మీ బస్సు ఐదే ఇస్తుంది. మరి భూమి వేడెక్కేది ఎవరి వల్ల?" చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే అది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: మైలేజీ తక్కువ కాబట్టి బస్సే వాతావరణానికి ఎక్కువ చేటు.

వాస్తవం: హనుమకొండ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు. మా బావమరిది కారు తొమ్మిది లీటర్ల పెట్రోలు తాగుతుంది. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో, అది కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ మాత్రం 2.3 కిలోలు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. పెట్రోలులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది, పెరిగిన బరువంతా ఆ ఆక్సిజన్‌దే. అంటే అతడు ఒక్కడే కారులో హైదరాబాద్ చేరేసరికి దాదాపు 21 కిలోలు గాలిలో కలుస్తాయి. అదే దారిలో బస్సుకు 29 లీటర్ల డీజిల్ కావాలి. డీజిల్ లీటరుకు 2.7 కిలోల చొప్పున 78 కిలోలు. నలభై మంది కూర్చుంటే తలా రెండు కిలోలు కూడా రావు. కారులో నలుగురు కూర్చున్నా తలా ఐదు కిలోలు తప్పవు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. అతడు ఎక్కినా ఎక్కకపోయినా ఆ బస్సు వేళకు బయలుదేరుతుంది. టన్నుల బరువున్న బండిలో అరవై కిలోల మనిషి అదనంగా కూర్చుంటే మా నల్లబల్ల మీది అంకె కదలదు. ఖాళీ సీటులో కూర్చున్న మనిషి కోసం కాలే డీజిల్ లెక్కకు అందనంత తక్కువ. కారు తాళం తిప్పితే మాత్రం ఆ తొమ్మిది లీటర్లూ కొత్తగా కాలేవే.

అపోహ: నల్లటి పొగ వదిలే బండే భూమిని వేడెక్కిస్తుంది, పొగ కనిపించకపోతే ఫర్వాలేదు.

వాస్తవం: కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నల్లగా కనిపించేది సరిగా కాలని ఇంధనపు మసి. అది ఊపిరితిత్తులకు హాని, వేడినీ పెంచుతుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, ఇంజెక్టర్ పాడైనా ఆ పొగ వస్తుంది. దాన్ని సరిచేయడం మా బాధ్యత. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బీఎస్-6 (బండ్ల పొగకు ప్రభుత్వం పెట్టిన హద్దు) బండ్లలో మసిని పట్టే ఏర్పాట్లు ఉన్నాయి. కానీ మసి ఎంత పట్టినా, కాలిన ప్రతి లీటరుకు కార్బన్ డయాక్సైడ్ అంతే వస్తుంది.

అపోహ: బస్సులు ఖాళీగా తిరుగుతాయి, అది ఉట్టి దండగ.

వాస్తవం: ఒంటరిగా వెళ్లే కారుతో పోలిస్తే బస్సులో నలుగురు ఉంటే లెక్క సరిపోతుంది, ఐదో మనిషి నుంచి లాభమే. అయితే మన వరంగల్ వీధుల్లో బస్సుకు పోటీ కారు ఒక్కటే కాదు. లీటరుకు యాభై ఇచ్చే మోటార్ సైకిల్ మీద ఇద్దరు వెళుతుంటే, బస్సు వాళ్లతో సమానం కావడానికి ఇరవై నాలుగు మంది కావాలి. బస్సు ఎప్పుడైనా మేలే అనేవారు ఈ లెక్క కూడా చూడాలి.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం వచ్చాక మహిళలు జీరో టికెట్‌తో, అంటే ఉచితంగా, పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఎక్కుతున్నారు. మధ్యాహ్నం సగం ఖాళీగా వెళ్లే బస్సుల్లో ఇప్పుడు నిలబడే వారే ఎక్కువ. వారిలో ఆటో, బైకు మానుకుని వచ్చిన ప్రతి ఒక్కరి వల్లా ఇంధనం మిగులుతుంది. కిక్కిరిసిన బస్సులో మాత్రం బరువుకు కమాన్ పట్టీలు (బండి కింద కుదుపులు ఆపే ఉక్కు పట్టీలు) విరుగుతాయి, అంకె కూడా కాస్త దిగుతుంది. కాబట్టి బస్సుల సంఖ్య పెరగాలని గట్టిగా కోరేవారిలో నేనూ ఒకడిని.

అపోహ: ఎలక్ట్రిక్ కారు కొంటే ఇక బస్సు అవసరం లేదు.

వాస్తవం: ఆ కారుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో మన ఉత్తర తెలంగాణ వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. రామగుండం, భూపాలపల్లి బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగగొట్టాలు మన కళ్ల ముందే ఉన్నాయి. ఇప్పటికీ దేశంలో కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే, సగటున యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఎలక్ట్రిక్ కారు వంద కిలోమీటర్లకు పదిహేను యూనిట్లు వాడితే పది కిలోలు. పెట్రోలు కారు కంటే ఇది నిశ్చయంగా నయం. కానీ నిండా మనుషులున్న డీజిల్ బస్సులో అదే వంద కిలోమీటర్లకు తలా కిలోన్నర దాటదు.

కరీంనగర్‌కు, వరంగల్‌కు ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. బొగ్గు కరెంటు వాడినంత కాలం కార్బన్ లెక్కలో వాటికీ డీజిల్ బస్సుకూ పెద్ద తేడా ఉండదు. వీధిలో పొగ, చప్పుడు మాత్రం ఈ రోజు నుంచే తగ్గుతాయి. రామగుండం జలాశయం మీద తేలే 100 మెగావాట్ల సౌర కేంద్రం 2022లో పూర్తిగా పనిలోకి వచ్చింది. అలాంటివి పెరిగే కొద్దీ ఎలక్ట్రిక్ బస్సు లెక్క బాగుపడుతుంది.

అపోహ: బస్సు వేళకు రాదు, అందుకే కారు తప్పదు.

వాస్తవం: బస్సు ఆలస్యమవుతుంది, నిజమే. ఎందుకు అవుతుందో కాజీపేట ఫాతిమా వంతెన నుంచి హనుమకొండ చౌరస్తా దాకా ఒక సాయంత్రం వచ్చి చూడండి. ముందున్న కార్లలో ఎక్కువ వాటిలో ఒక్కొక్కరే ఉంటారు. వాటి వెనక మా డ్రైవర్ క్లచ్ తొక్కుతూ, వదులుతూ అంగుళం అంగుళం జరుగుతాడు. అతడు ఎంత నేర్పరి అయినా ఆ ట్రిప్పులో అంకె నాలుగున్నరకు పడిపోతుంది.

మేడారం జాతరకు రెండేళ్లకోసారి వేల బస్సులు నడుస్తాయి. ఒక్కో బస్సులోని యాభై మందీ నలుగురేసి కార్లలో వస్తే తాడ్వాయి అడవి దారిలో ఒక బస్సు చోట పదమూడు కార్లు నిలబడతాయి. మన ఊరి రోడ్డు మీద రోజూ సాయంత్రం ఆరింటికి జరుగుతున్నది అదే.