పిల్లల సోరియాసిస్: సూదితో తగ్గింది కదా అంటే...

"సూది వేయించగానే వారంలో మచ్చలన్నీ పోయాయండీ, మళ్లీ ఎందుకొచ్చాయి?" సోరియాసిస్ (చర్మం మీద పొట్టు లేచే ఎర్రటి మచ్చలు వచ్చే జబ్బు) ఉన్న పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు నన్ను పదేపదే అడిగేది ఇదే.

అపోహ: సూదితో తగ్గిందంటే అదే సరైన మందు.

వాస్తవం: అలా తగ్గించే సూదిలో చాలాసార్లు ఉండేది డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్. అది ఒంట్లో పనిచేసినన్నాళ్లూ చర్మం నున్నగా ఉంటుంది. ఆపగానే జబ్బు మునుపటికంటే ఉధృతంగా తిరగబెట్టవచ్చు. కొందరికి ఒళ్లంతా ఎర్రబడి, చీము పొక్కులు లేచి, జ్వరం వస్తుంది. ఆసుపత్రిలో చేర్చాల్సిందే. స్టెరాయిడ్ మాత్రలైనా అంతే. పేరూ ఊరూ లేని పొట్లం పొడి రెండు రోజుల్లో అద్భుతం చేసిందంటే నా మొదటి అనుమానం స్టెరాయిడ్ మీదే.

ఒక ఎనిమిదేళ్ల పాపకు మోచేతుల మీద, జుట్టు అంచున రూపాయి బిళ్లంత మచ్చలు, అంతే. ఇంట్లో పెళ్లి ఉందని సూదులు వేయించారు. పెళ్లి నాటికి చర్మం బాగానే ఉంది. తర్వాత కొద్ది రోజులకే వీపంతా పొక్కులు, గౌను తగిలినా ఏడుపు. "నేనే చేశానా డాక్టర్ గారూ?" అని తల్లి కుమిలిపోయింది. కాదమ్మా, చెప్పాల్సినవాళ్లు మీకు చెప్పలేదు.

అలాగని స్టెరాయిడ్ మాట వినగానే డాక్టరు రాసిన పూత మందు పారేయకండి. ముఖానికి, మడతలకు తేలికపాటిది, మోకాళ్లకు కాస్త గట్టిది, తగ్గాక నెమ్మదిగా తగ్గించడం: ఈ లెక్క ప్రకారం వాడితే అది మంచి మందే. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండిన క్రీము, వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తామర క్రీములు మాత్రం వద్దు. వాటిలో చాలావాటిలో గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది.

మిగతావి చకచకా చెప్తాను. ఇది అంటుకోదు, బడికి పంపండి. పెద్దవాళ్ల జబ్బే కాదు, దాదాపు మూడింట ఒకవంతు మందికి 20 ఏళ్లలోపే మొదలవుతుంది. పిల్లల్లో తరచు తలలోనే మొదలై చుండ్రులా కనిపిస్తుంది. గుండు గీయిస్తే పోదు, గాట్లు పడినచోట కొత్త మచ్చలు రావచ్చు. వంకాయ, గుడ్డు, చేప మాన్పించి పిల్లల్ని నీరసపెట్టకండి.

గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు ఒంటిమీద చిన్నచిన్న ఎర్రటి మచ్చలు లేస్తే అమ్మవారనుకుని స్నానం మాన్పించేస్తారు. ఆటలమ్మలో నీటి పొక్కులుంటాయి, వీటిమీద సన్నటి పొట్టు ఉంటుంది. ఇది చుక్కల్లా వచ్చే గట్టేట్ రకం సోరియాసిస్ కావచ్చు, గొంతు కూడా చూపించండి. చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది, కొందరికి మామూలు సోరియాసిస్‌గా మిగులుతుంది.

ఈ జబ్బు కీళ్లకూ రావచ్చు. పొద్దున్నే కీళ్లు బిగుసుకుంటున్నాయనో, వేలు వాచిందనో పిల్లలు అంటే మాత్రం, మచ్చలు ఎంత తక్కువున్నా ఆగకుండా తీసుకురండి.