మీ బండికి ఏ ఆయిల్ పోయాలంటే

సిమిలిగుడ,
కొరాపుట్ జిల్లా, ఒడిశా.

చిన్నోడికీ, పాపకీ, వాళ్ల స్నేహితులకీ తాతయ్య ఆశీస్సులు.

నలుగురూ కలిసి విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నామని రాశారు. చాలా సంతోషం. టర్బో ఇంజన్, అంటే గాలిని బలంగా లోపలికి నెట్టే రకం అన్నారు కాబట్టి ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఒకరేమో మన ఎండలకి చిక్కటి 20డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిల్ పోయమన్నారట, ఇంకొకరు రేసుల్లో వాడే 10డబ్ల్యూ-60 అయితే ఇంజన్ వందేళ్లు ఉంటుందన్నారట. రెండూ వద్దు. ఎందుకు వద్దో ఫోన్‌లో చెబితే సగం చెవిన పడదు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు గ్లవ్ బాక్స్ తెరిచి కారుతో వచ్చిన పుస్తకం తీయండి. పాత ఓనరు పారేసి ఉంటే ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్లో అడగండి. అందులో ఆయిల్ గురించి రెండు సంగతులు రాసి ఉంటాయి. ఒకటి గ్రేడు, అంటే 0డబ్ల్యూ-40 లాంటిది. రెండోది ఆ కార్ల కంపెనీ పెట్టుకున్న కోడ్. చాలామంది గ్రేడు చూసి పుస్తకం మూసేస్తారు. నన్నడిగితే కోడే అసలు ముఖ్యం. పోర్షే వాళ్లనే తీసుకోండి. వాళ్ల ఏ40 అనే కోడ్ 0డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40 ఆయిళ్లకు ఇస్తారు. సీ20 అనేది బాగా పల్చటి 0డబ్ల్యూ-20 ఆయిల్‌కి. ఏ40 అడిగే పాత ఇంజన్‌లో సీ20 పోస్తే అది ఆ బేరింగులకు, అంటే లోపల తిరిగే ఇరుసుని మోసే భాగాలకు, సరిపోదు. రెండు డబ్బాల మీదా ఫుల్లీ సింథటిక్ అనే ఉంటుంది, రెండూ ఖరీదైనవే.

ఈ నంబర్ల సంగతి తేలిక. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆయిల్ అంత సులువుగా కదులుతుంది. 0డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. గీత తర్వాతి అంకె ఇంజన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనాన్ని చెబుతుంది. అంటే 0డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 రెండిటికీ తేడా వేడిలో కొంచెమే, చలిలో మాత్రం చాలా.

మైనస్ డిగ్రీలతో మనకేం పని అంటారేమో. మా ఇంటి కిటికీ గూట్లో ఉండే కొబ్బరినూనె సీసా గుర్తుందా? జనవరిలో తెల్లగా గడ్డ కట్టేస్తే మీ నాయనమ్మ దాన్ని ఎండలో పెట్టేది. మామూలు మినరల్ ఆయిల్‌లో కూడా మైనం లాంటి పదార్థం కొంత ఉంటుంది, చలికి అదే చిక్కబడుతుంది. పీఏఓ అనే అసలు సిసలు సింథటిక్‌లో ఆ మైనం ఉండదు. గ్యాస్ నుంచి తీసిన చిన్న అణువుల్ని ఫ్యాక్టరీలో ఒకదానికొకటి అతికించి, అన్నీ దాదాపు ఒకే తీరుగా వచ్చేలా తయారుచేస్తారు. అందుకే చలికి బిగుసుకుపోదు, వేడికి తొందరగా ఆవిరి కాదు.

ఈ మాట నేను చదివి చెప్పడం లేదు. చాలా ఏళ్ల కిందట సునాబెడ నుంచి ఒకాయన మంచి పెట్రోల్ కారు నా మెకానిక్ షెడ్డుకి తెచ్చారు. పుస్తకంలో 5డబ్ల్యూ-40 ఉంది. నా దగ్గర సాలూరు లారీల కోసం తెచ్చిన చిక్కటి ఆయిల్ ఉంటే, చిక్కగా ఉంటే మంచిదేలే అని అదే పోశాను. సంక్రాంతి ముందు రోజులు. తెల్లవారుజామున ఆయనతో పాటు నేనూ వెళ్లాల్సిన పని పడి, కారు స్టార్ట్ చేస్తుంటే పక్కనే నిలబడ్డాను. వేళ్లు కొంకర్లు పోయే చలి. ఎర్రటి ఆయిల్ లైటు ఆరడం లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకున్నాను. పైన వాల్వుల్ని కదిలించే ట్యాపెట్లు టకటకమని కొట్టుకుంటున్నాయి. ఆయిల్ పైదాకా చేరక ఇనుము ఇనుముకి రాసుకుంటున్న చప్పుడు అది. ఆ రోజే ఆ ఆయిలంతా దింపేసి, విజయనగరం నుంచి సరైనది తెప్పించి నా డబ్బుతో పోశాను. ఇంజన్ అరుగుదల ఎక్కువగా జరిగేది చల్లగా స్టార్ట్ చేసిన ఆ మొదటి క్షణాల్లోనే. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇక మన ఎండల మాట. బయట 20 డిగ్రీలున్నా 42 ఉన్నా, ఇంజన్‌లో నీటి వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ కలిసి 90 డిగ్రీల చుట్టుపక్కలే పట్టి ఉంచుతాయి. ఆయిల్ వేడి కూడా దాన్ని అనుసరించే ఉంటుంది. జయపురం ఎండకి ఆయిల్ పల్చబడుతుందన్నది ఎక్కువగా భయమే. ఆయిల్‌ని నిజంగా ఉడికించేది రేసు ట్రాకు, లేదా సుంకి దగ్గర మొదలై పొట్టంగి దాకా ఎక్కే ఘాట్‌లో చిన్న గేరులో ఎడతెరిపి లేకుండా తొక్కడం. ఫోర్డ్ వాళ్లు మస్టాంగ్ ఐదు లీటర్ల వీ8కి మామూలుగా 5డబ్ల్యూ-20 చెప్పి, అదే ఇంజన్‌ని 2012లో ట్రాక్ కోసం బాస్ 302గా మార్చినప్పుడు 5డబ్ల్యూ-50 చెప్పారు. వాడకం మారితే ఆయిల్ మారుతుంది. కానీ ఆ మాట చెప్పాల్సింది ఇంజన్ కట్టినవాళ్లు, పక్కింటివాళ్లు కాదు. 10డబ్ల్యూ-60 కూడా అంతే. బీఎండబ్ల్యూ కొన్ని పాత ఎం ఇంజన్లకు అదే పోయమంది, వాటి బేరింగులకి అది తగింది. మీ ఇంజన్‌లో సందులు చిన్నవైతే అంత చిక్కటి ఆయిల్ లోపలికి పారదు, టైమింగ్ మార్చే వాల్వులు కూడా మొరాయిస్తాయి.

హెచ్‌టీహెచ్‌ఎస్ అనే మాట ఎక్కడైనా కనిపిస్తే దాటేయకండి. 150 డిగ్రీల వేడిలో, బేరింగ్ మధ్య నలిగేటప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్పే లెక్క అది. 0డబ్ల్యూ-40కి కనీసం 3.5 ఉండాలి, 20 గ్రేడుకి 2.6 చాలు. క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, తిరిగే సందు తలవెంట్రుక కంటే సన్నం. అంత సన్నటి చోట నిలబడి ఇనుముని ఇనుముకి తగలనివ్వకుండా ఆపేది ఆ పల్చటి ఆయిల్ పొరే.

మీది టర్బో, పెట్రోల్‌ని నేరుగా సిలిండర్లోకి చిమ్మే రకం కదా. అలాంటి ఇంజన్లలో తక్కువ స్పీడులో గట్టిగా తొక్కితే, సిలిండర్లో చేరిన ఆయిల్ చుక్కలు స్పార్క్ పడకముందే అంటుకుని పిస్టన్‌ని పగలగొట్టగలవు. అది అరికట్టేలా 2020 మేలో ఏపీఐ అనే అమెరికా పెట్రోలియం సంస్థ ఎస్‌పీ అనే ప్రమాణం తెచ్చింది. ఆయిల్‌లో కాల్షియం తగ్గించి మెగ్నీషియం కలిపితే ఆ బెడద తగ్గుతుందని తేలింది. కాబట్టి డబ్బా మీద ఎస్‌పీ గానీ, దాని తర్వాత వచ్చిన ఎస్‌క్యూ గానీ ఉందేమో చూడండి. అయినా ముందు కంపెనీ కోడ్, తర్వాతే ఇది.

సింథటిక్ అనే ముద్ర చూసి మురిసిపోవద్దు. 1999లో అమెరికాలో ఒక పెద్ద తగాదా నడిచింది. మినరల్ ఆయిల్‌ని హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేస్తే వచ్చే గ్రూప్ 3 ఆయిల్‌ని సింథటిక్ అని అమ్మొచ్చా అని. అమ్మొచ్చని తేల్చారు. మన బజార్లో ఫుల్లీ సింథటిక్ అని దొరికేవాటిలో చాలావరకు అవే. అవి చెడ్డవని కాదు, మీ కారు కోడ్ వాటికి ఉంటే హాయిగా పోసుకోండి.

ఆయిల్ గురించి రాస్తూ ఆముదం మాట రాయకుండా ఉండలేను. మొదటి ప్రపంచ యుద్ధం నాటి చాలా విమానాల్లో, కొన్ని తొలి రేసు కార్లలో ఇంజన్ ఆయిల్‌గా వాడింది ఆముదమే. 1909లో పుట్టిన క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదం ఇంగ్లిష్ పేరులోంచి వచ్చిందే. ఇనుముని అంటిపెట్టుకుని ఉండటంలో దానికి సాటి లేదు, కాకపోతే కొద్ది రోజులకే జిగురు కట్టేది. ఇప్పుడు జెట్ ఇంజన్లలో పోసే ఎస్టర్ ఆయిళ్లు రసాయనాల లెక్కన ఆముదానికి చుట్టాలే. నా చిన్నప్పుడు మా అమ్మ నెత్తికి రాసిన నూనెకీ విమానానికీ సంబంధం ఉందని తెలిసిన రోజు నాకు చాలా ఆనందమేసింది.

కొనేటప్పుడు డబ్బా వెనక చదవండి. మీ కారు కోడ్ పక్కన అప్రూవల్ అని ఉంటే ఆ కార్ల కంపెనీ పరీక్షించి ఒప్పుకుందని అర్థం. తగినది, సిఫార్సు చేస్తాం అని మాత్రమే ఉంటే అది ఆయిల్ అమ్మేవాళ్ల మాట. రెండూ ఒకటి కావు. ఇక్కడి ఒడియా కుర్రాళ్లు ఏ కంపెనీ ఇంజన్ ఆయిల్‌నైనా మొబిల్ అనే అంటారు. కాబట్టి కొట్టులో మొబిల్ ఇవ్వండి అంటే చేతికి ఏదైనా రావచ్చు, కోడ్ చెప్పి అడగండి. నకిలీలు కూడా ఉన్నాయి. ఒకసారి పక్క ఊరి కొట్టులో తెచ్చిన డబ్బా సీలు తీస్తే మూత కింద రేకు అంచు వంకరగా ఉంది. వాసన కూడా తేడాగా అనిపించి పోయలేదు. మూత రింగు, రేకు, బ్యాచ్ నంబరు చూసి, బిల్లుతో కొనండి. వాడేసిన ఖాళీ డబ్బాకి మేకుతో చిల్లు పెట్టాకే పారేయండి. లేకపోతే దాన్ని ఎవరో నింపి మళ్లీ మీలాంటి పిల్లలకే అమ్ముతారు.

ఇక రోజువారీ సంగతులు. గేజి కడ్డీ ఉంటే వెయ్యి కిలోమీటర్లకోసారి లాగి చూడండి, చదును నేల మీద, ఇంజన్ ఆపిన కొద్ది నిమిషాలకి. కడ్డీ లేని కారైతే మీటర్లో చూపిస్తుంది. గట్టిగా తోలే టర్బో కొంచెం ఆయిల్ తాగడం మామూలే. లెవెల్ కింది గీత దగ్గరుండగా ఘాట్ మలుపుల్లో విసురుగా తిప్పితే ఛాంబర్లో ఆయిల్ పక్కకి ఒరిగి పంపు గాలి పీలుస్తుంది. పై గీత దాటి పోస్తే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది. కడ్డీ వాసన చూడండి. పెట్రోల్ వాసన గుప్పుమంటే, లెవెల్ పెరిగినట్టుంటే, పెట్రోల్ కలిసి ఆయిల్ పల్చబడుతోందని అర్థం. దగ్గర దూరాలే తిరిగే కారుకి ఇది ఎక్కువ. అలాంటప్పుడు కిలోమీటర్లు నిండకపోయినా మార్చేయండి. మామూలుగా అయినా ఏడాదికోసారి ఫిల్టర్‌తో సహా మార్చాల్సిందే.

నీటి వేడి ముల్లు ముందే మధ్యకి వస్తుంది, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా కొన్ని నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా గట్టిగా తొక్కకండి. ఘాట్ ఎక్కి వచ్చాక వెంటనే ఆపేయకుండా ఒక నిమిషం ఊరికే తిరగనివ్వండి, టర్బో లోపల ఆయిల్ మాడి బొగ్గు కాకుండా ఉంటుంది.

ముందు ఆ పుస్తకంలో ఆయిల్ పేజీ ఫోటో తీసి నాకు పంపండి. దాన్ని చూశాకే ఏ డబ్బా కొనాలో చెబుతాను. అప్పటిదాకా ఇప్పుడున్న ఆయిల్‌లో వేరేది కలపకండి.

మీ తాతయ్య