నర్సులు, ఏఎన్ఎంల డిజిటల్ నైపుణ్యం టిక్కులతో తేలదు: అపోహలు – వాస్తవాలు

ఆరోగ్య సిబ్బందికి యాప్‌లు, పోర్టళ్లు, టెలీమెడిసిన్ ఏ మేరకు వచ్చో మదింపు చేసి, దాన్నిబట్టి శిక్షణ ఇవ్వడం నా పని. నర్సింగ్ టీచర్‌గా మొదలై ఇటు వచ్చాను. ఏ జిల్లాకు వెళ్లినా ఒకటే పద్ధతి. శిక్షణకు ముందు వాట్సాప్ గ్రూపులో ఓ గూగుల్ ఫామ్ పెడతారు. 'యాప్ వాడకంలో మీ నైపుణ్యానికి 1 నుంచి 5 వరకు మార్కు వేసుకోండి' అంటారు. సగటు తీసి, గ్రాఫ్ గీసి, ఇంత శాతం మందికి నైపుణ్యం ఉందని రిపోర్టు పంపేస్తారు. ఎవరికి ఏ శిక్షణ, ఎవరు మాస్టర్ ట్రైనర్ అన్నది ఆ అంకెను బట్టే నిర్ణయిస్తారు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే ఫామ్ వస్తోంది కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఎవరికి వారు వేసుకున్న మార్కే వాళ్ల నైపుణ్యం.

ఆ మార్కు వల్ల తెలిసేది ఆ మనిషికి తన మీద ఎంత ధీమా ఉందన్నది మాత్రమే. ధీమా గురించి తెలుసుకోవడం కూడా అవసరమే. కానీ దాన్ని నైపుణ్యం కింద లెక్కేస్తే నష్టపోయేది రోగులు.

ఈ సర్వేల్లో తరచూ కనిపించే స్కేలు (మార్కులిచ్చే ప్రశ్నావళి) ఈహీల్స్ (eHEALS). 2006లో కెనడాలో నార్మన్, స్కిన్నర్ తయారుచేశారు. 8 ప్రశ్నలు, మొత్తం స్కోరు 8 నుంచి 40 మధ్య వస్తుంది. ఇంటర్నెట్‌లో ఆరోగ్య సమాచారం వెతికి, ఏది నమ్మొచ్చో తేల్చుకోగలమన్న నమ్మకం మామూలు జనంలో ఎంత ఉందో తెలుసుకోవడానికి చేసిన స్కేలు అది. మొదట పరీక్షించింది 13 నుంచి 21 ఏళ్ల వాళ్ల మీద. రోగి రికార్డు తెరవడం గురించి గానీ, సమాచారం గోప్యంగా ఉంచడం గురించి గానీ అందులో ఒక్క ప్రశ్నా లేదు. దాన్ని తెచ్చి స్టాఫ్ నర్సుకు ఇచ్చి, 'డిజిటల్ నైపుణ్యం కొలిచాం' అంటే ఎలా? 2011లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ స్కేలు డచ్ రూపాన్ని పరీక్షిస్తూ, ఫామ్ నింపిన వాళ్లకు ఇంటర్నెట్‌లో పనులు ఇచ్చి చేయించి చూశారు. స్కోరుకూ, పనులు పూర్తి చేయడానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు.

డాక్టర్లు ఇందుకు మినహాయింపేమీ కాదు. డాక్టర్లు తమ సామర్థ్యాన్ని తాము అంచనా వేసుకోవడం మీద వచ్చిన అధ్యయనాలను డేవిస్ బృందం సమీక్షించి 2006లో జామా అనే వైద్య పత్రికలో ప్రచురించింది. 20 పోలికల్లో 13 చోట్ల సొంత అంచనాకూ, బయటివాళ్లు పరీక్షించి చూసినదానికీ సంబంధం బాగా తక్కువ, లేదా అసలు లేదు, లేదా తలకిందులుగా ఉంది. నైపుణ్యం తక్కువున్నవాళ్ల అంచనా, ధీమా ఎక్కువున్నవాళ్ల అంచనా అందరికన్నా ఎక్కువగా తప్పినట్టు కొన్ని అధ్యయనాల్లో తేలింది.

నా కళ్లతో చూసింది చెబుతాను. ఓ శిక్షణకు రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ ఏఎన్ఎం ఒకావిడ వచ్చారు. ఫామ్ నిండా 1లు, 2లు. "నాకేమీ రాదు మేడమ్, మా అబ్బాయి చూపిస్తేనే ట్యాబ్ ముట్టుకుంటా" అన్నారు. తర్వాత అందరికీ ఒక పని ఇచ్చాం: తొలి కాన్పు, ఎనిమిదో నెల, పుట్టింటికి వచ్చిన అమ్మాయి, ఆమె వివరాలు ఆన్‌లైన్ చేయాలి. ఆవిడ ట్యాబ్ తెరవకముందే, "అత్తగారి ఊళ్లో రాయించుకున్నావా అమ్మా?" అని గర్భిణి వేషంలో కూర్చున్న ట్రైనీని అడిగారు. అమ్మాయి ఫోన్ నంబరుతో వెతికారు, దొరకలేదు. భర్త నంబరుతో వెతికారు, పాత రికార్డు దొరికింది. నెమ్మదిగా, ఒక్క వేలితో టైప్ చేస్తూనే పని సరిగ్గా ముగించారు. అదే గదిలో అన్నిటికీ 5 వేసుకున్న కుర్ర ఉద్యోగి ఒకరు చకచకా కొత్త రిజిస్ట్రేషన్ చేసేశారు.

దీని ఫలితం ఏమిటో ఫీల్డులో ఉన్నవాళ్లకు తెలుసు. ఒక్క మనిషికి రెండు రికార్డులు. అత్తగారి ఊళ్లో ఆమె కాన్పు పెండింగ్‌లోనే ఉంటుంది. రక్తహీనత ఉందని, హైరిస్క్ అని అక్కడ రాసిన సంగతి ఇక్కడ కాన్పు చేసేవాళ్లకు కనిపించదు. ఫామ్‌నే నమ్మితే పెద్దావిడను 'ఫోన్ ఆన్ చేయడం ఎలా' అనే శిక్షణకు పంపి, ఆ కుర్ర ఉద్యోగిని మాస్టర్ ట్రైనర్ చేసేవాళ్లం.

మరి ఎలా కొలవాలి? ఇంజెక్షన్ చేయడం వచ్చా అని ఫామ్‌లో అడిగి నర్సుకు రిజిస్ట్రేషన్ ఇవ్వం కదా, చేయించి చూస్తాం. 1975లో హార్డెన్ బృందం ఆస్కీ (OSCE) పరీక్షను, అంటే ఒక్కో చోట ఒక్కో పని చేయించి చూసి మార్కు వేసే పద్ధతిని, పరిచయం చేసింది అందుకే. 1990లో మిల్లర్ చెప్పిన నాలుగు మెట్లు నర్సింగ్ టీచర్లందరికీ తెలిసినవే: తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపగలరు, రోజూ చేస్తున్నారు. ఫామ్ మొదటి మెట్టును కూడా సరిగా తాకదు. శిక్షణ లాగిన్‌లో ఉత్తుత్తి పేర్లతో నాలుగైదు పనులు ఇవ్వండి. కొత్తగా నమోదు చేసేముందు పాత రికార్డు వెతుకుతున్నారా? సిగ్నల్ లేనప్పుడు సేవ్ చేసినది తర్వాత సింక్ అయిందో లేదో చూసుకుంటున్నారా? హిమోగ్లోబిన్ 9.5 బదులు 95 పడితే ఆగి సరిచేస్తున్నారా? టెలీకన్సల్టేషన్‌ను ఆరోగ్య కార్యకర్తే మొదలుపెడితే రోగి నుంచి స్పష్టంగా సమ్మతి తీసుకోవాలని 2020 టెలీమెడిసిన్ మార్గదర్శకాల్లో ఉంది. అది అడుగుతున్నారా? పక్కన కూర్చుని చెక్‌లిస్టులో రాసుకోవడమే. ఖర్చు ఎక్కువని చెప్పేవాళ్లు, పనికిరాని శిక్షణల మీద పెడుతున్న ఖర్చునూ లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ: స్కోరు తక్కువ వస్తే ఉద్యోగానికి ఎసరు.

గదిలో కూర్చోగానే ఎవరో ఒకరు మెల్లగా అడుగుతారు: "మేడమ్, ఇది పైకి పంపిస్తారా? రెన్యువల్ ఆపేస్తారా?" కాంట్రాక్టు వాళ్లకైతే ఈ టెన్షన్ మరీ ఎక్కువ. ఎవరో గ్రూపులో పెట్టిన వాయిస్ మెసేజ్ విని ముందురోజు రాత్రి నిద్రపోకుండా వచ్చినవాళ్లను చూశాను. అలాంటి మెసేజ్‌లు దయచేసి ఫార్వర్డ్ చేయకండి. ఎక్కడ ఏ శిక్షణ అవసరమో తెలుసుకోవడానికి చేసిన సాధనాలివి. ఉద్యోగంలో ఉంచాలా వద్దా అని తేల్చే బలం వాటికి లేదు. అలా వాడితే అది తప్పు వాడకం. ఇది ఎందుకు చేస్తున్నారు, ఫలితం ఎవరు చూస్తారు, పేర్లు ఉంటాయా అని మొదలుపెట్టేముందే అడగండి. అడిగే హక్కు మీకుంది. నిర్వహించేవాళ్లు కూడా అదే మాట సర్క్యులర్‌లో రాసి, పేర్లు అక్కర్లేకపోతే తీసుకోకండి. భయపడ్డ మనిషి అన్నిటికీ 5 వేస్తారు. అప్పుడు ఆ సర్వే దేనికీ పనికిరాదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

'కుర్రవాళ్లకు అన్నీ వచ్చు.' ఫోన్ మీద వేలు వేగంగా కదులుతుంది, అంతే. ల్యాబ్ రిపోర్టు ఫొటోను పేరుతో సహా గ్రూపులో పెట్టకూడదన్న జాగ్రత్త వయసుతో రాదు, నేర్పితే వస్తుంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక కూడా ఈ అంశం చాలా సర్వేల్లో లేదు.

'ఎక్కువ ఎంట్రీలు చేసినవాళ్లే నిపుణులు.' పీహెచ్‌సీ అంతా ఒకే లాగిన్ వాడుతుంటే ఆ ఎంట్రీలు ఎవరివి? టార్గెట్ కోసం 14 అంకెల ఆభా (ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా) నంబర్లు గుట్టగా సృష్టించడం వేరు, ఆ నంబరుకు రోగి రికార్డును సరిగ్గా లింక్ చేయడం వేరు.

'క్రాన్‌బాక్ ఆల్ఫా 0.9 వచ్చింది, కాబట్టి మా స్కేలు సరైనది.' పీజీ థీసిస్‌లలో ఇది ఎక్కువ. ప్రశ్నలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయనే దాని అర్థం. అవి కొలుస్తున్నది నైపుణ్యాన్నేనా అన్నది విడిగా నిరూపించాలి.

'ఇంగ్లిష్ స్కేలును తెలుగులోకి మార్చేస్తే సరిపోతుంది.' సరిపోదు. కొందరు ఏఎన్ఎంలను కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్న చదివించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పించుకోవాలి. 'ఆరోగ్య వనరులు' అంటే మందుల స్టాకు అనుకున్నవాళ్లున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, ఆ ప్రశ్న రాసిన తీరే సరిగా లేదు.

'పని పూర్తి కాలేదంటే మనిషికే రాదు.' సర్వర్ డౌన్, ఓటీపీ రాలేదు, ఓటీపీ వచ్చిన ఫోన్ పొలంలో ఉన్న భర్త దగ్గర ఉంది, స్క్రీన్ మొత్తం ఇంగ్లిష్. వీటిలో ఏది అడ్డుపడినా ఏఎన్ఎం స్కోరే తగ్గించడం అన్యాయం. యాప్‌ను వాడటం ఎంత తేలికో కొలవడానికి 1986లో జాన్ బ్రూక్ చేసిన 10 ప్రశ్నల స్కేలు ఉంది, అదీ పక్కనే పెట్టండి. చెక్‌లిస్టులో ప్రతి పని ఎదురుగా 'ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది' అని ఒక గడి ఉంచండి. శిక్షణ ఇచ్చేవాళ్లకు, యాప్ తయారుచేసేవాళ్లకు స్కోరు కన్నా ఎక్కువ పనికొచ్చేది ఆ గడిలో రాసిందే.