స్టోవ్ తోటలో పదహారు ముఖాలు

పిల్లలూ,

తోటంటే పూలూ చెట్లూ కదా, మరి అందులో రాతి మనుషులెందుకని అడిగారు. ఇంగ్లండులో బకింగ్‌హామ్‌షైర్ అనే ప్రాంతంలో స్టోవ్ అనే పెద్ద తోట ఉంది. దాని కథ వింటే మీకే తెలుస్తుంది.

ఆ తోట కాబమ్ ప్రభువుది. ఆయన పాత సైనికుడు. 1733లో ప్రధాని వాల్పోల్ వైన్ (ద్రాక్ష మద్యం) మీద, పొగాకు మీద కొత్త తరహా పన్ను వేయబోతే కాబమ్ ఎదురు తిరిగాడు. అందుకు ఆయన చేతిలోని సైనిక దళాన్ని లాగేసుకున్నారు. ఆ కోపం తోటలో రాయిగా మారింది.

నీటి ఒడ్డున, అర్ధచంద్రంలా వంగిన ఒక గోడ కట్టించాడు. నమూనా గీసింది విలియం కెంట్. అందులో 16 గూళ్ళు, గూటికొకటి చొప్పున ఛాతీ వరకు చెక్కిన బొమ్మ. షేక్‌స్పియర్, మిల్టన్, న్యూటన్ లాంటి ఆలోచనాపరులు ఒక పక్క; ఆల్‌ఫ్రెడ్ రాజు, సముద్రాలు తిరిగిన డ్రేక్ లాంటి కార్యశూరులు మరో పక్క. ఆడవాళ్ళలో ఎలిజబెత్ రాణి ఒక్కరే. అది చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక్కడ కాస్త ఆగి రెండు ముఖాలు చూడండి. ఒకరు జాన్ హాంప్‌డెన్. ఈ ప్రాంతం మనిషే. పార్లమెంటు ఒప్పుకోకుండా రాజు చార్లెస్ వేసిన ఓడల పన్ను కట్టనని 1637లో కోర్టుకెక్కాడు. రెండోవారు జాన్ బర్నార్డ్. వాల్పోల్ పన్నును ఎదిరించిన లండన్ ఎంపీ. బొమ్మ పెట్టేనాటికి ఆయన బతికే ఉన్నాడు! న్యూటన్ ఉన్న గోడలోనే ఆయనకూ చోటెలా దొరికిందో ఇప్పుడు అర్థమైందా? అది గొప్పవాళ్ళ జాబితా మాత్రమే కాదు, కాబమ్ గొడవ కూడా. పక్కనే పాడుబడ్డట్టుగా కట్టించిన ఒక గుడి, అందులో తల లేని విగ్రహం ఉండేవి. అది వాల్పోలే అని జనం అనుకునేవారు.

అందరూ ముందు వైపు చూసి వెళ్ళిపోతారు. మీరు మాత్రం గోడ వెనక్కి వెళ్ళండి. అక్కడ ఫిడో అనే ఇటలీ పెద్దమనిషిని తలుచుకుంటూ చెక్కిన మాటలున్నాయి. కీర్తి వెంట పడలేదట, గొప్పవాళ్ళ మధ్య బతికినా వాళ్ళ చెడు అలవాట్లు అంటలేదట, నమ్మకమైన స్నేహితుడట. చివర్లో ఇలా ఉంటుంది: ఈ రాతి మీద ముఖస్తుతి లేదు, ఎందుకంటే ఇతను మనిషి కాదు, వేటకుక్క.

మీ తాతయ్య