జీర్ణాశయ క్యాన్సర్‌లో ప్రొటీన్ మార్కర్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: హెర్2 (క్యాన్సర్ కణాల పైపొర మీద ఉండి వాటిని పెరిగేలా చేసే ప్రొటీన్) పాజిటివ్ అంటే ఇక ఆశ లేనట్టే.

వాస్తవం: ఆ రిపోర్టు ఆయుష్షు లెక్క కట్టదు, ఏ మందు పనికొస్తుందో చెబుతుంది. 2010లో వెలువడిన టోగా ట్రయల్‌లో, హెర్2 పాజిటివ్ రోగులకు కీమోతో పాటు హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందు కలిపితే మధ్యస్థ జీవితకాలం 11.1 నెలల నుంచి 13.8 నెలలకు పెరిగింది. ఐహెచ్‌సీలో, అంటే యాంటీబాడీతో ప్రొటీన్‌కు రంగు పట్టించి చూసే పరీక్షలో, 3+ పాజిటివ్. 0, 1+ నెగెటివ్. 2+ వస్తే హెర్2 జన్యువు కాపీలు పెరిగాయో లేదో చూసే ఫిష్ పరీక్షతో తేల్చాలి. అది చేయకుండా చేతికిచ్చిన రిపోర్టు సగం రిపోర్టే.

అపోహ: రొమ్ము క్యాన్సర్ నియమాలే ఇక్కడా సరిపోతాయి.

వాస్తవం: సరిపోవు. జీర్ణాశయ గ్రంథుల్లో రంగు తరచూ కణం పక్కలకు, అడుగుకే పడుతుంది, పైఅంచు ఖాళీగా ఉంటుంది. చుట్టూ పట్టలేదని కొట్టేస్తే పాజిటివ్ కేసు చేజారుతుంది. ఆపరేషన్ ముక్కలో కనీసం 10 శాతం కణాలకు రంగు పట్టాలి. బయాప్సీలో మాత్రం అయిదు క్యాన్సర్ కణాల గుంపు ఒక్కటున్నా చాలు.

అపోహ: ఎండోస్కోపీలో ఒక ముక్క తీస్తే పరీక్షలన్నీ అయిపోతాయి.

వాస్తవం: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఒకే గడ్డలో ఒకచోట ఉన్న హెర్2 పక్కన ఉండకపోవచ్చు. అందుకే 6 నుంచి 8 ముక్కలు కావాలి, అవీ పుండు నడిమి చచ్చిన భాగంలోంచి కాదు. తీసిన గంటలోపే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేసి, 6 నుంచి 72 గంటలు ఉంచాలి. తక్కువైతే కణజాలం సరిగా ఫిక్స్ కాక రంగు అతుకులు అతుకులుగా పడుతుంది. మరీ ఎక్కువైతే ప్రొటీన్ ముడిపడిపోయి యాంటీబాడీకి అందదు, ఫలితం తప్పుడు నెగెటివ్. ఇమ్యునోథెరపీ పనికొస్తుందో అంచనా వేసే పీడీ-ఎల్1 ప్రొటీన్ పరీక్షకు కనీసం 100 బతికున్న క్యాన్సర్ కణాలు కనిపించాలి.

అపోహ: పీడీ-ఎల్1 సీపీఎస్ (కలిపి లెక్కించే స్కోరు) 5 అంటే 5 శాతం క్యాన్సర్ కణాలు పాజిటివ్.

వాస్తవం: రంగు పట్టిన లింఫోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలూ ఆ లెక్కలోకి వస్తాయి. భాగించేది మాత్రం క్యాన్సర్ కణాలతోనే. అందుకే శాతం గుర్తు పెట్టరు. వాడిన యాంటీబాడీ క్లోన్ (ఏ రకమో తెలిపే) పేరు రిపోర్టులో లేకపోతే అడగండి.

అపోహ: డీఎన్ఏలో తప్పుల్ని సరిదిద్దే ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 ప్రొటీన్లు లేవంటే చెడు సూచన.

వాస్తవం: ఆపరేషన్ చేయగలిగిన దశల్లో తరచూ మంచి సూచనే. అయితే పక్కనున్న మామూలు లింఫోసైట్లకూ రంగు పట్టకపోతే పరీక్షే ఫెయిలైనట్టు, మళ్లీ చేయాలి.

అపోహ: రక్తంలో క్యాన్సర్ మార్కర్లయిన సీఈఏ, సీఏ 19-9 నార్మల్ అయితే భయం లేదు.

వాస్తవం: చాలామందిలో ఇవి పెరగనే పెరగవు. లూయిస్ అనే రక్తవర్గంలో నెగెటివ్ అయిన వారి శరీరం సీఏ 19-9ను దాదాపు తయారే చేయదు. మరోవైపు పొగతాగేవారిలో సీఈఏ, కామెర్లలో సీఏ 19-9 క్యాన్సర్ లేకున్నా పెరుగుతాయి.

అపోహ: మార్కర్లుంటే స్టేజ్‌తో పనిలేదు.

వాస్తవం: భవిష్యత్తు అంచనాలో స్టేజ్‌దే ఇప్పటికీ మొదటి స్థానం. ఆపరేషన్ ముక్కలో కనీసం 16 లింఫ్ గ్రంథులు పరీక్షించాలి. తక్కువ చూస్తే వ్యాధి సోకిన గ్రంథులు తప్పిపోయి, స్టేజ్ ఉన్నదానికన్నా తక్కువగా పడుతుంది.